రిజిస్టరులో ఉన్న తల్లి పేరు మా నాన్నమ్మది కాదు

గోదావరి జిల్లాల నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. రిటైరయ్యాక ఆవిడ తమ వంశవృక్షాన్ని ఆన్‌లైన్‌లో ఎక్కించడం మొదలుపెట్టారు. డల్లాస్‌లో ఉన్న మేనల్లుడు తోడయ్యాడు. చిక్కు ఆవిడ తండ్రి పుట్టిన తేదీ దగ్గర వచ్చింది. ఆయన టీచరుగా చేశారు, ఇప్పుడు లేరు. బడి చదువు పూర్తయ్యాక ఇచ్చే ఎస్సెస్సెల్సీ పుస్తకంలో 1-7-1936 అని ఉంది. ఇంట్లో ఉన్న జాతకంలో యువ నామ సంవత్సరం, కార్తీక బహుళం, బుధవారం రాత్రి రెండు గంటలకు అని ఉంది. ఆవిడ మునిసిపల్ ఆఫీసు చుట్టూ తిరిగి 1935 జనన రిజిస్టరు నకలు తెచ్చుకున్నారు. అందులో పుట్టిన తేదీ నవంబరు 14, నమోదు చేసిన తేదీ నవంబరు 18. బుధవారం 13న కదా వచ్చింది, జాతకంతో అదీ కలవడం లేదంటారు ఆవిడ. బిడ్డ పేరు గడి ఖాళీ, 'మగ' అని మాత్రం ఉంది. తండ్రి పేరు తాతగారిదే, ఇంటిపేరుతో సహా. తల్లి పేరు నాన్నమ్మది కాదు.

ఆ నకలు ఫోటో తీసి మేనల్లుడికి వాట్సాప్‌లో పంపారు. అతను నమోదు తేదీని పుట్టిన తేదీ అనుకొని 18 అని ఎక్కించాడు. సోర్స్ దగ్గర "కుటుంబ పత్రాలు" అని రాశాడు. ఇప్పుడు దూరపు బంధువుల ట్రీలన్నిటిలోనూ 18 ఉంది, ఒకరి ట్రీలో మాత్రం 1936 జనవరి 7 అని ఉంది. ఆవిడ 14 అని దిద్దితే, "అందరి దగ్గరా 18 ఉంటే మీ ఒక్కరిదే కరెక్టా?" అని ఒకాయన మళ్ళీ మార్చేశాడు. మేనల్లుడేమో, "అత్తా, ఫోటో మొత్తం అప్‌లోడ్ చేసేస్తా, గొడవే ఉండదు" అంటున్నాడు. ఈలోగా, తండ్రి కంటే తొమ్మిదేళ్ళు చిన్నవాడైన బాబాయి ఆ నకలు చూసి, "ఆ కాగితం ఇప్పుడెవరికి కావాలి? తీసెయ్యమ్మా. మీ అమ్మ పెన్షనుకు ఎసరు పెడతారు మీరంతా కలిసి" అని కోప్పడి మాట్లాడటం మానేశారు.

ఏ తేదీ రాయాలి, సోర్స్ ఎలా రాయాలి, అసలు ఉంచాలా తీసేయాలా? ఇవీ ఆవిడ ప్రశ్నలు. చివర్లో ఇంకొక వాక్యం ఉంది: "ఆ పేరు ఎవరిదో తెలుసుకోవాలని ఉంది, తెలుసుకోవాలంటే భయంగానూ ఉంది."

సమాధానం:

మీ ఉత్తరంలో తేదీ తగాదా, తల్లి పేరు సంగతి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. విడదీసి చూస్తే మొదటిది చాలావరకు తేలిపోయే వ్యవహారం.

మీరనుకుంటున్నట్టు జాతకానికీ రిజిస్టరుకూ తేడా లేదు. మన పంచాంగం లెక్కలో రోజంటే సూర్యోదయం నుంచి మళ్ళీ సూర్యోదయం దాకా. బుధవారం రాత్రి రెండు గంటలంటే ఆఫీసు లెక్కకు అప్పటికే గురువారం వచ్చేసింది. 1935 నవంబరు 14 గురువారమే, అది కార్తీక బహుళంలోనే పడుతుంది. జాతకం రాసిన సిద్ధాంతి, రిజిస్టరు రాసిన గుమాస్తా ఇద్దరూ ఒకే రాత్రి గురించి రాశారు, ఎవరి లెక్కలో వారు.

ఇది తేదీకే కాదు, ఆ ఖాళీ గడికీ పనికొస్తుంది. బారసాల పదకొండో రోజునో ఇరవై ఒకటో రోజునో చేస్తే, నాలుగు రోజులకే రాయించిన ఎంట్రీలో పేరు ఎక్కడి నుంచి వస్తుంది? ఆ కాలం రిజిస్టర్లలో పేరు లేకపోవడం మామూలే. అయితే పేరు లేని మగబిడ్డ మీ నాన్నగారే అనడానికి తాతగారి పేరొక్కటే చాలదు. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్ళలో పెత్తండ్రి బిడ్డలు, పినతండ్రి బిడ్డలు ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో ఒకే ఊళ్ళో ఇద్దరు ముగ్గురు ఉంటారు. జాతకం, రిజిస్టరు ఒకే రాత్రిని చూపించడం వల్లే ఆ ఎంట్రీ మీ నాన్నగారిదని గట్టిగా అనగలుగుతున్నాం. సోర్స్ రాసేటప్పుడు ఈ సంగతి తప్పకుండా రాయండి. లేకపోతే చదివినవాళ్ళు "పేరే లేదు, మీ నాన్న అని ఎలా తెలుసు?" అని అడుగుతారు, అడగాలి కూడా.

జూలై 1 ఎక్కడిదో మీకు నేను చెప్పక్కర్లేదు, ఆ తరం టీచర్ల ఇళ్ళలో అందరికీ తెలుసు. బడిలో వేసేటప్పుడు వయసు సరిపోయేలా హెడ్మాస్టరు రాసేసిన తేదీ. అలాగని దాన్ని చెరిపేయొద్దు. ఆయన ఉద్యోగం అంతా ఆ తేదీ మీదే నడిచింది. ఒకటో తారీకున పుట్టినవాళ్ళు ముందు నెల ఆఖరి రోజునే రిటైరవుతారు కాబట్టి 1994 జూన్ 30న దిగిపోయి ఉంటారు. రేపు మీ మనవలకు ఆయన రిటైర్మెంటు ఆర్డరు దొరికితే, జూలై 1 ట్రీలో కనబడకపోతే అయోమయంలో పడతారు. దాన్ని రెండో తేదీగా, "బడి రికార్డు ప్రకారం" అని దాని సోర్స్‌తో ఉంచండి.

ఆ జనవరి 7 కూడా జూలై 1లోంచి పుట్టిందే. 1-7-1936ని అమెరికా పద్ధతిలో చదివితే నెల ముందు, తేదీ తర్వాత. నెలను అంకెతో కాకుండా అక్షరాలతో రాయండి, ఈ బెడద పోతుంది.

ఇక "అందరి దగ్గరా 18". మీ మేనల్లుడు ఎక్కించిన ఒక్క తప్పు అన్ని ట్రీలకూ పాకింది. యాన్సెస్ట్రీ లాంటి వంశవృక్షాల వెబ్‌సైట్లలో ఎవరి ట్రీ వారిది, పక్కవాడి ట్రీ నుంచి సూచన వస్తే ఒక్క నొక్కుతో కలిపేసుకుంటారు. ఫ్యామిలీసెర్చ్ అనే ఇంకో వెబ్‌సైట్‌లో అందరిదీ ఒకటే ఉమ్మడి చెట్టు, ఎవరైనా దిద్దొచ్చు, ఎవరైనా మళ్ళీ మార్చొచ్చు. రెండు చోట్లా తప్పుకు కాళ్ళు వస్తాయి. ఎన్ని ట్రీలున్నా వాటన్నిటి వెనక ఉన్నది మీ ఇంట్లోని ఒకే నకలు. ఆ పెద్దమనిషితో వాదించకండి. "మీ 18కి ఏ కాగితం ఆధారం?" అని ఒక్క ప్రశ్న అడగండి. తిరిగి తిరిగి మీ కాగితం దగ్గరికే వస్తాడు.

సోర్స్ అంటే లింకు అనుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. "కుటుంబ పత్రాలు" అని రాస్తే ఎవరి బీరువాలో ఏ పత్రమో పదేళ్ళ తర్వాత మీ మేనల్లుడికే గుర్తుండదు. చదివినవాడు మిమ్మల్ని అడగకుండానే ఆ ఎంట్రీ దగ్గరికి వెళ్ళగలగాలి, వెళ్ళాక మీరు తప్పు చదివి ఉంటే పట్టుకోగలగాలి. నేనైతే ఇలా రాస్తాను:

"ఫలానా మునిసిపాలిటీ, జనన రిజిస్టరు, 1935, వరుస సంఖ్య ఇంత. పుట్టిన తేదీ 1935 నవంబరు 14, నమోదు తేదీ 1935 నవంబరు 18. బిడ్డ పేరు గడి ఖాళీ, మగ. తండ్రి పేరు ఫలానా. సమాచారం ఇచ్చినవారు ఫలానా. నేను చూసింది ఫలానా నెలలో ఆఫీసు ఇచ్చిన ధ్రువీకరించిన నకలు, అసలు రిజిస్టరు చూడలేదు. ఈ బిడ్డ మా నాన్నగారే అనడానికి ఆధారం: ఇంట్లో ఉన్న జాతకంలో యువ నామ సంవత్సరం కార్తీక బహుళం బుధవారం రాత్రి రెండు గంటలు అని ఉండటం."

తల్లి పేరు ఇందులో కావాలనే వదిలాను. దాని దగ్గరికి వస్తున్నాను.

"అసలు రిజిస్టరు చూడలేదు" అన్న మాట రాయడానికి చాలామంది మొహమాటపడతారు. మొహమాటం అక్కర్లేదు. మీ నకలు పాత పేజీ జిరాక్సా, లేక కంప్యూటర్లో మళ్ళీ టైపు చేసి ఇచ్చిందా అన్నది మీరు రాయలేదు. రెండోదైతే పాత చేతిరాతను ఎవరో ఈ మధ్య చదివి ఎక్కించి ఉంటారు. తప్పు చదివే వీలుంది, ముఖ్యంగా ఆడవాళ్ళ పేర్లు. దాని మీద 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం పేరు అచ్చయి ఉంటుంది, అది నకలు ఇచ్చిన చట్టం. 1935లో ఆ ఎంట్రీ రాసినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నది 1899 చట్టం. నకలు ఏ సంవత్సరంలో ఇచ్చారు, ఎంట్రీ ఏ సంవత్సరంలో రాశారు అన్నవి రెండూ రాస్తే ఈ గందరగోళం ఉండదు. పాత పేజీ చూడాలంటే ముందు ఆఫీసులో అడగండి, కాదంటే సమాచార హక్కు చట్టం కింద రికార్డును పరిశీలించడానికి దరఖాస్తు పెట్టొచ్చు. దేనికి ఒప్పుకుంటారో ఆఫీసును బట్టి ఉంటుంది, ఓపిక కావాలి.

తెలంగాణ పాఠకులు ఇలాంటి ఉత్తరాలే రాస్తుంటారు. నిజాం కాలం కాగితాల్లో ఇంగ్లీషు సంవత్సరం బదులు అప్పటి సర్కారు వాడిన ఫసలీ సంవత్సరం ఉంటుంది, నెలలు అజూర్, దై అని ఉంటాయి. ఫసలీ ఏడాది మొదట్లోని నెలలకు 590, మిగతా ఎక్కువ భాగానికి 591 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. కాగితంలో ఉన్నది ఉన్నట్టు ముందు రాసి, మీ లెక్క పక్కన విడిగా రాయండి. చర్చి రిజిస్టర్లు చూసేవాళ్ళు బాప్తిస్మం తేదీని పుట్టిన తేదీ గడిలో వేయకండి.

ఇప్పుడు తల్లి పేరు.

ఆ పేరు అక్కడికి ఎలా వచ్చి ఉండొచ్చు? గుమాస్తా తప్పు రాసి ఉండొచ్చు. చెప్పిన మనిషికే సరిగ్గా తెలియకపోయి ఉండొచ్చు. కబురు చెప్పింది తాతగారా, మంత్రసానా, పక్కింటివాళ్ళా? సమాచారం ఇచ్చినవారి గడి అందుకే ముఖ్యం. మీ నాన్నమ్మకే రెండు పేర్లు ఉండొచ్చు. కాపురానికి వచ్చిన కోడలి పేరు అత్తగారి పేరో ఆడపడుచు పేరో అయితే ఇంకో పేరుతో పిలవడం మన ఇళ్ళలో ఉన్నదే. లేదా మీరు ఉత్తరంలో రాయకుండా వదిలేసిన మాట: తాతగారికి అంతకు ముందు ఒక భార్య ఉండి ఉండొచ్చు.

మీరు రాసిన వివరాల్లోనే రెండు మూడు సంగతులు నాకు ఆగి చూడాలనిపించాయి. మొదటి కాన్పు పుట్టింట్లో చేస్తారు. మీ నాన్నమ్మ పుట్టిల్లు కోనసీమ పల్లె అన్నారు. మీ నాన్నగారు తొలిచూలు అయితే ఆ ఎంట్రీ పల్లెలో ఉండాలి గాని తాతగారి పట్టణంలో కాదు. ఆ పట్టణం ఇంకొకరికి పుట్టిల్లు అయి ఉంటే లెక్క కుదురుతుంది. 1998లో నాన్నమ్మ పోయినప్పుడు మరణ ధ్రువపత్రంలో 75 ఏళ్ళు అని ఉందన్నారు. ఆ లెక్కన 1923 పుట్టుక, 1935లో పన్నెండేళ్ళు. బాబాయికీ నాన్నగారికీ తొమ్మిదేళ్ళ ఎడం.

ఇవన్నీ ఒకే వైపు వేలు చూపిస్తున్నట్టు ఉన్నాయి. అయినా తొందరపడకండి. మరణ పత్రంలో వయసు అంటే ఆ ఏడుపుల మధ్య ఎవరో నోటికొచ్చినట్టు చెప్పింది, అయిదారేళ్ళు అటూ ఇటూ అవుతుంది. మధ్యలో పోయిన బిడ్డలుంటే తొమ్మిదేళ్ళ ఎడం ఆ రోజుల్లో వింత కాదు. పట్టణంలో ఆసుపత్రి ఉందని కోడల్ని పంపకుండా ఉంచేసి ఉండొచ్చు. విడివిడిగా చూస్తే ఏదీ రుజువు కాదు.

రుజువుకు దగ్గరగా వచ్చేవి మీ ఇంట్లోనే ఉండొచ్చు. జాతకం మొదటి పంక్తులు మళ్ళీ చదవండి. తేదీ కోసం చూసి పక్కన పెట్టేసి ఉంటారు. ఫలానా వారి భార్య ఫలానా ఆమెకు పుత్రోదయం అని రాసే అలవాటు ఉంది. అలా ఉంటే, అది పుట్టినప్పుడు రాసిందా, పెళ్ళి సంబంధాలప్పుడు తిరగరాసిందా అన్నది కాగితం, రాత చూసి పోల్చుకోండి. రెండోది, మీ నాన్నగారు మహాలయ పక్షంలో తర్పణాలు వదిలేవారంటే ఆ పేర్ల పట్టీ ఎక్కడో ఉంటుంది. 1991, 2003 గోదావరి పుష్కరాల్లో పిండప్రదానానికి రాసుకెళ్ళిన కాగితం అయినా సరే. అందులో తల్లికి ఒక స్థానం, సవతి తల్లికి వేరే స్థానం ఉంటాయి. ఎవరికీ చెప్పని సంగతి కూడా కొడుకు అక్కడ దాచడు. మీ ఇంటి పురోహితుడి కుటుంబానికి ఆ పేర్లు తెలిసి ఉండొచ్చు. ఆ కాగితం దొరికితే ఏ ఆఫీసు నకలు కంటే నేను దానికే ఎక్కువ విలువిస్తాను, ఎందుకంటే రాసింది మీ నాన్నగారు, ఎవరికో చూపించడానికి రాసింది కాదు.

మీ బాబాయి మాట ఇంకొకసారి చదవండి. తీసెయ్యమన్నారు, తప్పు అనలేదు. ఇందులోంచి ఎక్కువ అర్థం లాగను, కోపంలో మాటలకు లెక్క ఉండదు. కానీ ఆయనకు తెలిసినా తెలియకపోయినా, ఆ కాగితం ఆయన దృష్టిలో అన్నదమ్ముల మధ్య గీత గీసేది. ఎనభై ఏళ్ళు 'మా అన్న' అనుకున్న మనిషి. నకలు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళకండి. పెన్షను భయం నుంచి మొదలుపెట్టండి, అది తీర్చగలిగినది. నౌకరీకి సర్వీసు రిజిస్టరులో ఎక్కిన తేదీయే లెక్క. ఆ తేదీల గురించి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1984లో ప్రత్యేకంగా నిబంధనలే చేసింది. మీ అమ్మగారికి వచ్చేది ఆ రిజిస్టరును బట్టే, మీరు ఆన్‌లైన్‌లో రాసే ట్రీని బట్టి కాదు. మీరు కూడా ఆ నకలును ఏ ఆఫీసులోనూ తేదీ మార్చమని వాడకండి. ఆ టెన్షన్ తగ్గాక, ఆయనకే చెప్పాలనిపిస్తే చెబుతారు.

ఉంచాలా తీసేయాలా అంటే, మీ ముందు ఉన్న దారులు ఇవి.

మేనల్లుడు అన్నట్టు ఫోటో మొత్తం పెట్టేస్తే తేదీ గొడవ ఒక్క రోజులో ముగుస్తుంది. కానీ తల్లి పేరుతో పాటు కులం, వృత్తి, వీధి అన్నీ బయటికి వస్తాయి. ఒకసారి పది మంది దించుకున్నాక వెనక్కి తీసుకోలేరు. రేపు ఆ పేరు గుమాస్తా తప్పని తేలినా, ఆ లేని మనిషి మీ ట్రీల్లో బతుకుతూనే ఉంటుంది, ఆ 18 లాగా. ఈ దారి నాకు నచ్చలేదు.

పూర్తిగా తీసేస్తే బాబాయి శాంతిస్తారు. తేదీ మాత్రం 18గానే నిలిచిపోతుంది, మీరు పడ్డ శ్రమకు గుర్తు ఉండదు. పైగా ఫోటో మేనల్లుడి ఫోన్లో ఉంది. మీరు తీసేసినా, అతను ఏదో ఒక రోజు తనకు తోచినట్టు పెట్టొచ్చు, మీ వివరణ లేకుండా.

మధ్యలో ఒకటుంది. సోర్స్ రాయడానికి ఫోటో తప్పనిసరి కాదు. తేదీ 14 అని, పైన రాసిన వివరాలతో, ఫోటో లేకుండా పెట్టండి. తల్లి పేరు ఎత్తకుండా వదిలేయొచ్చు. లేదా "ఈ ఎంట్రీలో తల్లి పేరు కుటుంబానికి తెలిసిన పేరుతో కలవడం లేదు, పరిశీలనలో ఉంది" అని ఒక వాక్యం చేర్చొచ్చు. వదిలేస్తే ఇంట్లో ప్రశాంతంగా ఉంటుంది, కానీ మీ సోర్స్ సగం మాట చెబుతుంది. చేర్చితే నిజాయితీగా ఉంటుంది, కానీ ఆసక్తి ఉన్న బంధువు ఎవరైనా వరుస సంఖ్య పట్టుకుని వెళ్ళి నకలు తీసుకోవచ్చు. రిజిస్టరులో వెతికించి నకలు తీసుకునే హక్కు 1969 చట్టం 17వ సెక్షన్ ఎవరికైనా ఇచ్చింది. నేనైతే వాక్యం చేర్చి, బాబాయి ఉన్నంత కాలం వరుస సంఖ్య నా నోటుపుస్తకంలోనే ఉంచుకుంటాను. కొంతమంది పరిశోధకులు దీన్ని ఒప్పుకోరు. వాళ్ళకు బాబాయి లేరు.

తల్లి గడిలో ఇప్పుడున్న నాన్నమ్మ పేరు మార్చకండి. మార్చేంత ఆధారం ఇంకా లేదు. పెంచిన తల్లిగా ఆవిడ స్థానం ఏ కాగితం దొరికినా మారదు కూడా, చాలా ట్రీల్లో కన్నవారిని, పెంచినవారిని ఇద్దరినీ చూపించే వీలుంది. బాబాయి వివరాలు, పుట్టిన తేదీతో సహా, జీవించి ఉన్నవారి కింద ఎవరికీ కనబడకుండా పెట్టించండి, అది ఈరోజే చేయండి.

మేనల్లుడిని దూరం పెట్టొద్దు. అతని తప్పు ఒక్క గడి తప్పు చదవడం. 18ని అతనే దిద్ది, "నమోదు తేదీని పుట్టిన తేదీగా పొరబడ్డాం" అని మార్పుకు కారణం రాస్తే, మిగతా ట్రీలవాళ్ళు మీరు చెప్పిన దానికంటే త్వరగా వింటారు. తప్పు ఎక్కడ మొదలైందో అక్కడే కారణం కనబడుతుంది కాబట్టి. ఫోటో సంగతి మాత్రం ఫోన్లో మాట్లాడండి, మెసేజ్‌లో కాదు.

చివరగా మీరు భయంగా ఉందన్న సంగతి. తెలుసుకోవాలా వద్దా అన్నది ట్రీ నిర్ణయించేది కాదు. జాతకం, పుష్కరాల కాగితం చూసి అక్కడితో ఆగిపోవచ్చు. ఏమీ చూడకుండానూ ఉండొచ్చు, పైన చెప్పిన సోర్స్ అప్పుడు కూడా సరిగ్గానే ఉంటుంది. ముందుకు వెళ్ళాలనుకుంటే తర్వాతి మెట్టు అదే మునిసిపాలిటీ మరణాల రిజిస్టరు. వెతకడానికి రుసుము ఏడాదికి ఇంత అని తీసుకుంటారు కాబట్టి, బాబాయి పుట్టేదాకా ఉన్న తొమ్మిదేళ్ళూ ఒకేసారి అడగకండి. 1935 నవంబరు, డిసెంబరులతో మొదలుపెట్టి, తర్వాత 1936 చూడమనండి. ఆ పేరు దొరికినా నకలులో మరణ కారణం ఇవ్వరు, చట్టమే వద్దంది. దొరక్కపోతే, వెతికినా ఎంట్రీ లేదని రాసిచ్చే నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. ఏయే సంవత్సరాలు వెతికారో అందులో రాయించుకోవడం మరిచిపోకండి.